సీజన్ అంచనాలు ఎందుకు తప్పుతున్నాయి? 72 డాల్ఫిన్స్, 85 బేర్స్, 07 పేట్రియట్స్‌ని ఒకే కాటాలో తూయడం ఎలా?

నాల్గోడౌన్:
ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికాలో ఫుట్‌బాల్ పెద్ద లీగ్) సీజన్ మొదలవకముందే 32 జట్లకూ గెలుపులు అంచనా వేసే షీట్ ఇది. లెక్క సాదాసీదా: పోయిన ఏడాది గెలుపుల శాతం తీసుకోవడం, ఈ ఏడాది ప్రత్యర్థుల బలాన్ని బట్టి కాస్త సర్దడం, జట్టు ఆడే 17 మ్యాచ్‌లతో గుణించడం. పాత సీజన్లతో సరిచూస్తే ఎప్పుడూ ఒకే వైపు తప్పుతోంది. పైనున్న జట్లకు ఎక్కువ ఇస్తోంది, కిందున్నవాటికి తక్కువ. ఉదాహరణకి 2022లో వైకింగ్స్ 13-4 (13 గెలుపులు, 4 ఓటములు). షీట్ 2023కి 12 పైచిలుకు ఇచ్చింది, జరిగింది 7-10.

మూడు ప్రశ్నలు. గెలుపుల బదులు ఏ అంకెతో మొదలుపెట్టాలి? సగటు వైపు ఎంత లాగాలి? అదే అంకెతో 1972 డాల్ఫిన్స్ (14-0), 1985 బేర్స్ (15-1), 2007 పేట్రియట్స్ (16-0) లాంటి జట్లను పోల్చవచ్చా, లేక దానికి వేరే లెక్క కావాలా?

సగటుజీవి:
మీరు వైకింగ్స్ పేరెత్తారు కాబట్టి అక్కడి నుంచే వస్తాను. ఆ జట్టు 2022లో 424 పాయింట్లు చేసి 427 ఇచ్చుకుంది. 13 మ్యాచ్‌లు గెలిచిన జట్టు మొత్తమ్మీద 3 పాయింట్ల లోటులో ఉందన్నమాట. 13 గెలుపుల్లో కూడగట్టుకున్న మిగులు 86, ఓడిన నాలుగు మ్యాచ్‌లలోనే పోగొట్టుకున్నది 89. 8 పాయింట్లు లేదా అంతకన్నా తక్కువ తేడాతో తేలిన 11 మ్యాచ్‌లూ వీళ్లే గెలిచారు. అలాంటి మ్యాచ్‌లలో ఏ జట్టయినా ఏళ్ల తరబడి సగం దగ్గరే తిరుగుతుంది. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో (సీజన్ తర్వాతి నాకౌట్ పోటీలో) జెయింట్స్ చేతిలో 31-24తో పోయింది కూడా అలాంటి మ్యాచే.

కాబట్టి మొదలుపెట్టాల్సిన అంకె పైథాగరియన్ గెలుపులు. చేసిన పాయింట్లను ఇచ్చిన పాయింట్లతో భాగించండి, వచ్చినదాన్ని 2.37 ఘాతానికి ఎత్తండి, ఆ విలువను (ఆ విలువ + 1)తో భాగించండి. గెలుపుల శాతం వస్తుంది. వైకింగ్స్‌కి 0.496, అంటే 17 మ్యాచ్‌లకు 8.4. బేస్‌బాల్‌లో వాడే 2 ఘాతం ఇక్కడ పెట్టకండి, ఫుట్‌బాల్‌లో పాయింట్ల తేడా గెలుపుగా మారే తీరు వేరు.

ఒక హెచ్చరిక: 2023లో వైకింగ్స్ 4-4 దగ్గరున్నప్పుడు క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపే ఆటగాడు) కర్క్ కజిన్స్ మడమ వెనక స్నాయువు తెగి సీజన్‌కు దూరమయ్యాడు. ఆ 7-10ని చూపించి "నా లెక్క నిజమైంది" అని జబ్బలు చరచుకోవడం తగదు. నిజమైంది సగమే.

ఇక ఎంత లాగాలన్నది. 17 మ్యాచ్‌లనూ నాణెం ఎగరేసి తేల్చినా గెలుపుల స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 2.06 వస్తుంది (17 × 0.25 = 4.25, దాని వర్గమూలం). లీగ్‌లో నిజంగా కనిపించేది సుమారు 3. వర్గం చేస్తే 9. అందులో 4.25 అదృష్టం వాటా, మిగిలిన 4.75 అసలు సత్తా. 4.75ని 9తో భాగిస్తే 0.53. అంటే గెలుపులనే పట్టుకుని వేలాడినా సగటుకు ఎంత దూరంలో ఉన్నారో అందులో దాదాపు సగమే మిగుల్చుకోవాలి. 13-4 జట్టు సగటుకు 4.5 పైన ఉంది, మిగిలేది 2.4. అంటే 10.9. పైగా ఇది ఆ ఏడాది సత్తా ఎంతో చెప్పే లెక్క మాత్రమే. ఏడాది మారితే ఆటగాళ్లు, కోచ్‌లు మారతారు, ఇంకొంచెం లాగాలి.

ఈ లెక్కలోనే ఇంకో సంగతి దాగుంది. 32 జట్ల సత్తా దేవుడు చెవిలో చెప్పినా మీ అంచనా సగటున 2 గెలుపుల దాకా తప్పుతూనే ఉంటుంది. ఎవరైనా "ప్రతి జట్టునీ ఒక గెలుపు తేడాలో పట్టేస్తా" అంటే నమ్మకండి.

రెండు చిన్న సర్దుబాట్లు. నేల మీద పడ్డ ఫంబుల్ (చేతిలోంచి జారిన బంతి) ఎవరికి దక్కుతుందన్నది దాదాపు చిత్తూబొత్తూ. పోయిన ఏడాది మూడింట రెండు తమకే దక్కిన జట్టును కిందికి దించండి. దాడి అంకెల కంటే డిఫెన్స్ అంకెలు ఏడాదికేడాది ఎక్కువ ఊగుతాయి, కాబట్టి డిఫెన్స్‌ని సగటు వైపు ఎక్కువ లాగాలి.

అంకెలపిచ్చి:
పైథాగరియన్ బాగుంది కానీ అది ఎవరి మీద ఆడారో చూడదు, సీజన్ చివర్లో మారిన జట్టునీ పట్టుకోదు. రోజువారీ వాడకానికి ఎలో రేటింగ్ (ప్రతి మ్యాచ్ తర్వాత జట్టు అంకెను పెంచే, తగ్గించే పద్ధతి) మేలు. బాగా తెలిసిన అమరిక ఇది: సగటు 1500 చుట్టూ, కే విలువ (ఒక్క మ్యాచ్‌తో రేటింగ్ ఎంత కదలాలన్నది) 20, సొంత మైదానానికి 65, ప్రతి 25 ఎలో పాయింట్లూ మైదానంలో 1 పాయింటుతో సమానం. కొత్త సీజన్‌కు ముందు ప్రతి జట్టునూ సగటు వైపు మూడో వంతు లాగుతారు. గెలిచే అవకాశం: తేడాను 400తో భాగించి, మైనస్ గుర్తు పెట్టి, 10కి ఘాతంగా వేసి, 1 కలిపి, 1ని దాంతో భాగించాలి. 100 తేడాకు 64 శాతం.

65 అనేది పాత అంకె. అది 2.6 పాయింట్లకు సమానం. ఈమధ్య సొంత మైదానం లాభం తగ్గింది. ప్రేక్షకులు దాదాపు లేని 2020లో సొంత జట్ల లెక్క 127-128-1. ఇప్పుడు 40-50 దగ్గర మొదలుపెట్టి సరిచూసుకోవడం మంచిది.

ఎక్కువమంది పప్పులో కాలేసేది గెలుపు తేడాను లెక్కలోకి తెచ్చేచోట. 35 పాయింట్ల గెలుపుకు 7 పాయింట్ల గెలుపు కన్నా ఐదు రెట్లు ఇవ్వకూడదు. తేడాకు 1 కలిపి సహజ లాగరిథమ్ తీసుకోండి. దాన్ని 2.2తో గుణించి, (గెలిచినవాడి ఎలో ఆధిక్యం × 0.001 + 2.2)తో భాగించండి. ఆ భాగహారం లేకపోతే ఫేవరెట్లు ఎలాగూ భారీగా గెలుస్తారు కాబట్టి వాళ్ల రేటింగ్ ఊరికే ఉబ్బిపోతుంది.

తర్వాత సీజన్ మొత్తాన్ని 10,000 సార్లు ఆడించండి. ఇక్కడ పెద్ద పొరపాటు, ప్రతిసారీ అవే రేటింగ్‌లతో ఆడించడం. సెప్టెంబర్‌లో మీ రేటింగే తప్పయి ఉండొచ్చు కదా! ఒక్కో సీజన్ ఆడించేముందు ప్రతి జట్టు రేటింగ్‌కీ యాదృచ్ఛికంగా అటో ఇటో కొంత కలపండి. 4 పాయింట్ల (100 ఎలో) డీవియేషన్‌తో మొదలుపెట్టి పాత సీజన్లకు సరిపోయేదాకా మార్చండి. ఇది చేయకపోతే మంచి జట్లకు ప్లేఆఫ్స్ అవకాశం 95 శాతం అని చూపించి నవ్వులపాలు చేస్తుంది.

షెడ్యూల్ విషయంలో "పోయిన ఏడాది ప్రత్యర్థుల శాతం" వదిలేయండి. 17లో 6 సొంత డివిజన్ (నాలుగు జట్ల గుంపు), 4 సొంత కాన్ఫరెన్స్‌లోని (లీగ్‌లో సగం) ఇంకో డివిజన్, 4 అవతలి కాన్ఫరెన్స్ డివిజన్, మిగిలిన 3 మాత్రమే పోయిన ఏడాది స్థానాన్ని బట్టి వస్తాయి. సిమ్యులేషన్ ఆ మ్యాచ్‌లను ఒక్కొక్కటిగా ఆడిస్తుంది కాబట్టి విడిగా సర్దక్కర్లేదు. ప్లేఆఫ్స్‌కి కాన్ఫరెన్స్‌కి 7 జట్లు, నేరుగా రెండో రౌండ్‌కి వెళ్లేది ఒక్కటే. 2020కి ముందు సీజన్లు ఆడిస్తుంటే ఇది మార్చడం మర్చిపోకండి.

క్వార్టర్‌బ్యాక్ మారితే చేత్తో సర్దాల్సిందే, ఎంతన్నది మాత్రం ఎప్పుడూ చిక్కే. 2008లో టామ్ బ్రేడీ మొదటి మ్యాచ్‌లోనే గాయపడితే మ్యాట్ కాసెల్‌తో పేట్రియట్స్ 11-5 తెచ్చుకున్నారు. 2007లో చేసిన 589 పాయింట్లు 410కి పడ్డాయి. అయినా 11 గెలుపులు మిగిలాయి, ప్లేఆఫ్స్ మాత్రం దక్కలేదు.

నాల్గోడౌన్:
ఇద్దరికీ ధన్యవాదాలు. పైథాగరియన్ పెట్టగానే తప్పులు బాగా తగ్గాయి. కిందివాళ్లకి కూడా ఇదే వర్తిస్తుందా? 2008 లయన్స్ 0-16, పాయింట్లు 268-517. 2.8 గెలుపులు చూపిస్తోంది. ఇంకోటి, ప్రత్యర్థి బలంతో సర్దుదామని ఒకరి రేటింగ్‌ని ఇంకొకరి దాంట్లో పెడితే షీట్ సర్క్యులర్ రిఫరెన్స్ అని మొరాయిస్తోంది.

సగటుజీవి:
వర్తిస్తుంది, కానీ పూచీ లేదు. లయన్స్‌కి 2009లో వచ్చినవి 2. అదృష్టం బాగోలేని జట్టు వేరు, నిజంగానే బాగోలేని జట్టు వేరు.

సర్క్యులర్ సంగతి: రెండు వరుసలు పెట్టండి, పాత రేటింగ్, కొత్త రేటింగ్. పాతదంతా సున్నాతో మొదలు. కొత్తది = మ్యాచ్‌కి సగటు తేడా + ప్రత్యర్థుల పాత రేటింగ్‌ల సగటు. కొత్తదాన్ని విలువలుగా పాతదాంట్లో అతికించండి. పాతిక, ముప్పై సార్లు చేస్తే కదలడం మానేస్తుంది. ప్రతిసారీ మొత్తం సగటును తీసేయండి, లేకపోతే అంకెలు జారిపోతుంటాయి. ఒకే జట్టుతో రెండుసార్లు ఆడితే దాన్ని రెండుసార్లు లెక్కపెట్టాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

పాతటేపు:
మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, నేను వస్తాను. పైథాగరియన్‌లో డాల్ఫిన్స్ (పాయింట్లు 385-171) 14 మ్యాచ్‌లకి 12.2 గెలుపులు, బేర్స్ (456-198) 16కి 14.1, పేట్రియట్స్ (589-274) 16కి 13.8. ముగ్గురూ 86-88 శాతం దగ్గరే. 1962 ప్యాకర్స్‌ని (13-1, 415-148) పెడితే 92 వస్తుంది. అయితే అందరికన్నా వాళ్లే గొప్పా? అంత త్వరగా తేల్చకండి.

మొదట మ్యాచ్‌కి తేడా చూడండి: పేట్రియట్స్ 19.7, ప్యాకర్స్ 19.1, బేర్స్ 16.1, డాల్ఫిన్స్ 15.3. తర్వాత పైన చెప్పినట్టు ప్రత్యర్థి బలంతో సర్దండి. ఇక్కడ డాల్ఫిన్స్ బాగా పడతారు. 1972 రెగ్యులర్ సీజన్‌లో వాళ్లు ఆడిన జట్లలో ఓటముల కన్నా గెలుపులు ఎక్కువున్నవి రెండే, చీఫ్స్, జెయింట్స్, అవీ 8-6. అయిదో మ్యాచ్‌లో క్వార్టర్‌బ్యాక్ బాబ్ గ్రీసీ కాలు విరిగితే 38 ఏళ్ల ఎర్ల్ మోరాల్ వచ్చి జట్టును నడిపాడన్న మాట కూడా ఈ లెక్కకి కనపడదు.

తర్వాత ఆ ఏడాది లీగ్‌లోని అన్ని జట్ల రేటింగ్‌ల స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగించండి. ఎందుకంటే కాలాన్ని బట్టి పాయింట్లే మారిపోతాయి. 1977లో ఒక్కో జట్టు సగటు మ్యాచ్‌కి 17.2, 2020లో 24.8. 1978లో 5 గజాలు దాటాక రిసీవర్‌ని (పాస్ అందుకునేవాణ్ని) తోయకూడదన్నారు, లైన్‌మన్ (ముందు వరుసలో అడ్డుకునేవాడు) చేతులు చాచి అడ్డుకోవచ్చన్నారు, పాసింగ్ అంకెలు అక్కడ రెండుగా చీలిపోయాయి. గజాలనో టచ్‌డౌన్లనో నేరుగా పోల్చడం దండగ.

ఆ తర్వాత జట్ల సంఖ్య. 1962లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు 14. ఊరికే 14 జట్లను యాదృచ్ఛికంగా పేర్చినా అందులో పైవాడు సగటున 1.70 డీవియేషన్లు పైనుంటాడు. 32లో పైవాడు 2.07. అందుకని 2007 జట్టు 2.1 దగ్గరుంటే అబ్బురమేమీ లేదు, 1962 జట్టుకి అదే 2.1 అయితే గొప్ప. కానీ దీనికి ఎదురువాదన కూడా ఉంది: అప్పట్లో ఏఎఫ్‌ఎల్ వేరే లీగ్, ప్రతిభ రెండు ముక్కలైంది. 1970 విలీనానికి ముందు రెండు లీగ్‌ల మధ్య లెక్కకు వచ్చే మ్యాచ్ సూపర్ బౌల్ (సీజన్ ఆఖరి ఫైనల్) ఒక్కటే, కాబట్టి ఆ ఏళ్లలో రేటింగ్‌లను ఏ సూత్రంతోనూ కలపలేం. 1968 కోల్ట్స్ (13-1, 402-144) ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎదురులేని జట్టు. అదే జట్టును ఏఎఫ్‌ఎల్ నుంచి వచ్చిన జెట్స్ 16-7తో ఓడించారు. ఆ ఓడిన జట్టు కోచ్ డాన్ షూలా, క్వార్టర్‌బ్యాక్ మోరాల్. నాలుగేళ్లకి డాల్ఫిన్స్ ఓటమి లేని సీజన్‌లోనూ ఆ ఇద్దరే!

ప్లేఆఫ్స్‌ని విడిగా చూడండి. బేర్స్ మూడు మ్యాచ్‌లలో 91-10. 1989 ఫార్టీనైనర్స్ 126-26. డాల్ఫిన్స్ 6, 4, 7 పాయింట్ల తేడాలతో గట్టెక్కారు. నా ఓటు బేర్స్‌కే, ఆ 91-10 వల్ల.

అంకెలపిచ్చి:
మూడు మ్యాచ్‌లకు అంత బరువా గురూ! రెగ్యులర్ సీజన్ 16, ప్లేఆఫ్స్ 3, కలిపి 19 మ్యాచ్‌ల సగటు తీస్తే చాలదూ? అలా చూసినా పేట్రియట్స్ బేర్స్‌కి కాస్త దిగువకి పోతారన్నది నిజమే. బేర్స్ 258 + 81 = 339, మ్యాచ్‌కి 17.8. పేట్రియట్స్ 315 + 17 = 332, 17.5. తేడా 0.4 కూడా లేదు.

డాల్ఫిన్స్‌కి ఒక చోట అన్యాయం జరుగుతోంది. 14-0తో ఉన్నా కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడింది పిట్స్‌బర్గ్‌లో. అప్పట్లో ఆతిథ్యం డివిజన్ల మధ్య వంతులవారీగా వచ్చేది, రికార్డును బట్టి కాదు. 21-17 అన్నది పరాయి మైదానంలో, ఇంకో రెండు మూడు పాయింట్లు కలిపి చూడాలి.

పాతటేపు:
ఒప్పుకుంటాను. కానీ పేట్రియట్స్‌ని సీజన్ సగటుతో కొలవొద్దు, రెండుగా విరిచి చూడండి. మొదటి 8 మ్యాచ్‌లు 331-127, తేడా మ్యాచ్‌కి 25.5, ఒక్కటీ 17 లోపు లేదు. చివరి 8 మ్యాచ్‌లు 258-147, తేడా 13.9. కోల్ట్స్ మీద 4, ఈగిల్స్, రేవెన్స్, జెయింట్స్ మీద 3 చొప్పున. ఆ జెయింట్సే సూపర్ బౌల్‌లో 17-14తో ఓడించింది. ఎలోలో ఈ జారుడు కనిపిస్తుంది, సీజన్ సగటులో కనపడదు.

విరిచేటప్పుడు చివరి వారాలతో జాగ్రత్త. 2009 కోల్ట్స్ 14-0 దగ్గర ముఖ్యులను కూర్చోబెట్టి చివరి రెండూ ఓడారు. అలాంటి మ్యాచ్‌లకు సగం బరువే ఇవ్వండి. భారీ గెలుపులను 24 పాయింట్ల దగ్గర కోసేయండి, అక్కడి నుంచి ఆడేది రిజర్వులే.

ఇక "మైదానంలో దిగితే ఎవరు గెలుస్తారు" అన్నది వేరే ప్రశ్న. 1985లో 300 పౌన్లు దాటిన విలియం పెర్రీని చూడటానికి జనం ఎగబడ్డారు. ఇప్పుడు దాడి లైన్‌లో ఆ బరువు మామూలు.

నాల్గోడౌన్:
24 దగ్గర కోశాను, చివరి వారాలకు సగం బరువు పెట్టాను. ఇప్పుడు 1970 తర్వాతి సీజన్లకే పరిమితం చేసి ఒక్కో ఏడాది డీవియేషన్ తీస్తున్నాను. 1982, 1987 మొరాయిస్తున్నాయి.

సగటుజీవి:
రెండూ సమ్మె ఏళ్లు. 1982లో జట్టుకి 9 మ్యాచ్‌లే, సగటులు సహజంగానే ఎక్కువ చెదిరి ఉంటాయి. 1987లో ఆడినవి 15, అందులో 3 ప్రత్యామ్నాయ ఆటగాళ్లతో. ఆ మూడు వారాలూ తీసేసి 12 మ్యాచ్‌లతో లెక్కేయండి. 1982ని పోలికలో పెట్టకపోవడమే మేలు.