అప్‌డేట్: థైరాయిడ్ మాత్ర, పొద్దుటి కాఫీ – టీఎస్‌హెచ్ తగ్గకపోవడానికి కారణం తెలిసింది

థైరాయిడ్ తక్కువగా పనిచేస్తున్నందుకు రోజూ మాత్ర వేసుకుంటున్నా నా టీఎస్‌హెచ్ (ఆ లోపం ఉన్నప్పుడు రక్తంలో పెరిగే హార్మోన్) 9 దగ్గరే ఎందుకు ఆగిపోయిందని, ఇరవై ఆరేళ్లుగా తాగుతున్న ఫిల్టర్ కాఫీని మానేయాలా అని మూడు నెలల క్రితం అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మాత్రకూ కాఫీకీ మధ్య ఎంత వ్యవధి ఇస్తున్నారని అడిగినవారి సూచనే అసలు విషయాన్ని పట్టించింది.

నిద్ర లేవగానే మాత్ర వేసుకుని, అయిదు నిమిషాలైనా గడవకముందే కాఫీ తాగేదాన్ని. లెవోథైరాక్సిన్ (నా థైరాయిడ్ మాత్రలోని మందు) పేగుల్లోంచి రక్తంలోకి చేరడాన్ని కాఫీ తగ్గిస్తుందని, అందుకే పరగడుపున మంచినీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలని ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) వివరించారు. మోతాదు పెంచకుండా ఆ మార్పు చేయమన్నారు. ఎనిమిది వారాల తర్వాత చేయించిన పరీక్షలో టీఎస్‌హెచ్ 2.8 వచ్చింది. కాఫీతో పాటు వేసుకుంటున్న క్యాల్షియం మాత్రను కూడా ఆయన అప్పుడే రాత్రికి మార్చారు. దానికీ థైరాయిడ్ మాత్రకూ మధ్య నాలుగు గంటల ఎడం తప్పనిసరి అట. కాబట్టి ఫలితంలో దాని వాటా కూడా ఉండవచ్చు.

చికోరీ కలిపిన పొడి మానేసి అరకు పొడికి మారడం, పంచదార తీసేయడం, క్యాబేజీకి దూరంగా ఉండడం నా విషయంలో ఏ తేడా తేలేదు. కాఫీ మానేసిన పది రోజుల్లో మొదటి మూడు రోజులూ తలనొప్పితో గడిచాయి, అంతే.

అమ్మ ఇచ్చిన ఇత్తడి ఫిల్టర్ మళ్లీ పొయ్యి పక్కకు చేరింది. అయిదున్నరకు మాత్ర వేసుకుని డికాక్షన్‌కు నీళ్లు పోస్తాను, ఆరున్నరకు తాగుతాను.