ఆప్‌కోడ్ ముట్టుకుంటే డాక్స్ కూడా ముట్టుకోవాల్సిందేనా?

సీతమ్మధార_స్టాక్ · రాత్రి 9:12

ఆసిల్‌మెట్టలో మొన్న కలిసినప్పుడు సగంలో ఆగిన గొడవ ఇది, ఇక్కడే తేల్చుకుందాం. మన కంపైలర్, వీఎం (కంపైలర్ ఇచ్చిన బైట్‌కోడ్‌ని నడిపే వర్చువల్ మెషీన్) రిపోకి సీఐలో, అంటే ప్రతి మార్పునీ తనంతట తానే బిల్డ్ చేసి పరీక్షించే చోట, కొత్త తనిఖీ ఒకటి పెట్టమంటున్నారు. ఆప్‌కోడ్‌ల (వీఎంకి ఇచ్చే ఒక్కో ఆజ్ఞకి ఉండే అంకె) నిర్వచన ఫైలు మారిన ప్రతి పీఆర్‌లోనూ (రిపోలో కలపమని పంపే మార్పు) డాక్స్ ఫోల్డర్లో కనీసం ఒక ఫైలు మారి ఉండాలట. లేకపోతే బిల్డ్ ఎరుపు, మెర్జ్ బంద్. నేను ఒప్పుకోను. ఆ తనిఖీ ఫైలు మారిందా అని చూస్తుంది తప్ప, అందులో రాసింది నిజమా అని చూడదు. ఎవడో ఒకడు ఓ ఖాళీ లైను కొట్టి పచ్చ టిక్కు తెచ్చుకుంటాడు. డాక్స్ బాగుపడవు, పని మాత్రం పెరుగుతుంది.

కొండగాలి · రాత్రి 9:31

ప్రతిపాదన నాదే. నెత్తిన గిన్నె బోర్లించుకుని బండి నడిపేవాడు ఉన్నాడని హెల్మెట్ రూలు తీసేస్తామా అండీ?

అసలు ఇది ఎందుకొచ్చిందో మీరు రాయలేదు, నేను రాస్తాను. జంప్ ఆఫ్‌సెట్‌ని, అంటే ఎన్ని బైట్లు దూకాలో చెప్పే అంకెని, ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలి? మన డాక్స్‌లో "జంప్ ఇన్‌స్ట్రక్షన్ మొదలైన చోటు నుంచి" అని ఉంది. వీఎం మాత్రం ఆపరాండ్ (ఆప్‌కోడ్ వెనకుండే విలువ) చదివేశాక, అంటే తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ నుంచి లెక్కపెడుతోంది. డీకోడ్ లూపు (ఇన్‌స్ట్రక్షన్లని ఒక్కోటి చదివి నడిపే కోడు) తిరగరాసినప్పుడు ఇది మారింది. ఆ పీఆర్ 40 ఫైళ్ళు ముట్టుకుంది, డాక్స్‌లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

బీచ్‌రోడ్డు_బైట్ · రాత్రి 9:33

మళ్ళీ జంపేనా 🙂

గాజువాక_రిజిస్టర్ · రాత్రి 9:58

నవ్వుకోండి గానీ, డిసెంబ్లర్ (బైట్లని మళ్ళీ చదవగలిగే ఇన్‌స్ట్రక్షన్లుగా చూపించే పనిముట్టు) రాసేవాడికి ఇది నవ్వులాట కాదు. బైట్లు పెట్టి చూపిస్తా.

10వ బైటు నుంచి 12 దాకా: జంప్, ఆఫ్‌సెట్ 6. ఒక బైటు ఆప్‌కోడ్, రెండు బైట్లు ఆపరాండ్.
13, 14: కాన్‌స్ట్.
15 నుంచి 17: సెట్_గ్లోబల్, ఇండెక్స్ 4.
18: పాప్.
19: ఇఫ్ అయిపోయాక వచ్చే కోడు.

వీఎం లెక్కలో 13 కి 6 కలిపితే 19, సరైన చోటు. డాక్స్ లెక్కలో 10 కి 6 కలిపితే 16, అంటే సెట్_గ్లోబల్ ఆపరాండ్‌లో మొదటి బైటు. మనది బిగ్ ఎండియన్, అంటే పెద్ద బైటు ముందు, కాబట్టి 4 అనే ఇండెక్స్ ముందు 0, తర్వాత 4 గా ఉంటుంది. అంటే 16 లో ఉన్నది 0. మన పట్టికలో 0 అంటే హాల్ట్! జంప్‌లను వెంబడించి డీకోడ్ చేసే పనిముట్టు ఏదైనా "ప్రోగ్రాం ఇక్కడ ఆగిపోతుంది" అని చూపించి, ఆ తర్వాతి కోడంతా ఎప్పటికీ నడవనిదని ముద్ర వేస్తుంది. క్రాష్ అవ్వదు, హెచ్చరిక రాదు. తప్పుని నిబ్బరంగా చెప్తుంది. అదీ దీనితో వచ్చిన చిక్కు.

ఇదేదో అందరికీ తెలిసిన సంగతే అనుకోకండి. జావాని నడిపే జేవీఎంలో గోటూ ఆఫ్‌సెట్ ఆ ఆప్‌కోడ్ ఉన్న చోటు నుంచే లెక్క. పైథాన్ అసలు ఇంటర్‌ప్రిటర్ సీపైథాన్‌లో జంప్_ఫార్వర్డ్ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ నుంచి. లువా భాషలోనూ పీసీ (తర్వాత ఏది నడపాలో చూపే అంకె) ముందుకెళ్ళాకే కలుపుతారు. ఏ వీఎం నుంచి వచ్చినవాడు ఆ లెక్కే మనసులో పెట్టుకుని వస్తాడు. రాసి ఉంచాల్సింది ఇలాంటి వాక్యమే, మనం తప్పు రాసింది కూడా సరిగ్గా ఇదే.

సీతమ్మధార_స్టాక్ · రాత్రి 10:07

మీ టూల్‌లో 3 కలుపుకుంటే అయిపోయేదానికి ఇంత రామాయణమా?

గాజువాక_రిజిస్టర్ · రాత్రి 10:15

3 కలిపితే వైడ్ (పెద్ద ఆపరాండ్ కావాలంటే ముందు పెట్టే బైటు) దగ్గర బోల్తా పడుతుంది. వైడ్ ప్రిఫిక్స్ 1, ఆప్‌కోడ్ 1, ఆపరాండ్ 4, మొత్తం 6 బైట్లు. "మొదలైన చోటు" అంటే ప్రిఫిక్సా, ఆప్‌కోడా? ప్రిఫిక్స్ అయితే తేడా 6, ఆప్‌కోడ్ అయితే 5. ఈ ముక్క డాక్స్‌లో లేనే లేదు. 32767 బైట్లు దాటి దూకే ఫంక్షన్ రాస్తే గానీ ఎవరికీ తగలదు, అందుకే ఇన్నాళ్ళు బయటపడలేదు.

ఎంవీపీ_పార్సర్ · రాత్రి 10:18

నేను కాలేజీ ప్రాజెక్టుకి ఆ పేజీ చూసే అసెంబ్లర్ రాశానండీ. ఇప్పుడు నా లేబుళ్ళన్నీ తప్పేనా?

గాజువాక_రిజిస్టర్ · రాత్రి 10:19

అన్నీ తప్పే తమ్ముడూ.

కొండగాలి · రాత్రి 10:44

స్టాక్ గారు చెప్పిన ఖాళీ లైను సంగతికి జవాబిస్తాను. ఆ బాధే లేకుండా చెయ్యొచ్చు. నిర్వచన ఫైల్లో ఒక్కో ఆప్‌కోడ్‌కి పేరు, ఆపరాండ్ బైట్లు, స్టాక్ (వీఎం విలువలు పేర్చుకునే చోటు) నుంచి తీసేవి, పెట్టేవి, ఒక వాక్యం వివరణ పెడదాం. ఆ ఒక్క ఫైలు నుంచే డిస్పాచ్ పట్టిక (ఏ ఆప్‌కోడ్‌కి ఏ కోడు నడపాలో చెప్పేది), డిసెంబ్లర్ పట్టిక, డాక్స్‌లో పెట్టే పట్టిక మూడూ స్క్రిప్టుతో పుట్టాలి. వివరణ ఖాళీగా ఉంటే స్క్రిప్టే ఆగిపోవాలి. ఇది నా సొంత తెలివేం కాదు. సీ కంపైలర్ క్లాంగ్‌లో ఆట్రిబ్యూట్ల రిఫరెన్స్ పేజీ టేబుల్‌జెన్ అనే నిర్వచన ఫైళ్ళ నుంచే పుడుతుంది. సీపైథాన్ 3.12 నుంచి ఇంటర్‌ప్రిటర్ కేసుల్ని బైట్‌కోడ్స్ అనే ఒకే నిర్వచన ఫైలు నుంచి పుట్టిస్తోంది.

పుట్టిన ఫైలుని రిపోలోనే ఉంచి, సీఐలో మళ్ళీ పుట్టించి గిట్ డిఫ్‌కి ఎగ్జిట్-కోడ్ ఫ్లాగు ఇస్తే సరి, తేడా ఉంటే ఎరుపు. రెండు జాగ్రత్తలు తప్పనిసరి. పుట్టే ఫైల్లో తేదీ రాయకూడదు. వరుస ఎప్పుడూ ఆప్‌కోడ్ నంబరు ప్రకారమే ఉండాలి, అక్షరక్రమం పెడితే ఒకరి మెషీన్ లోకేల్‌కీ (భాష సెట్టింగు) ఇంకొకరిదానికీ వరుస మారి లేని తేడా చూపిస్తుంది.

సీతమ్మధార_స్టాక్ · రాత్రి 11:02

పట్టిక పుట్టించండి, నాకేం అడ్డు లేదు. కానీ స్టాక్ లెక్క ఒక అంకెలో ఇమడదు. కాల్‌కి ఆర్గ్యుమెంట్లు ఎన్నుంటే అన్నీ, వాటితోపాటు ఫంక్షనూ పోతాయి, ఒకటి వస్తుంది. అది ఫార్ములా, అంకె కాదు. షరతు జంప్‌లు ఇంకా ఘోరం. సీపైథాన్‌లో జంప్_ఇఫ్_ట్రూ_ఆర్_పాప్ ఉండేది: దూకితే విలువ స్టాక్‌లోనే ఉంటుంది, దూకకపోతే పోతుంది. అందుకే వాళ్ళు 3.8 లో స్టాక్_ఎఫెక్ట్ అనే లెక్క ఫంక్షన్‌కి జంప్ అనే ఆర్గ్యుమెంట్ చేర్చాల్సొచ్చింది. మీ పట్టికలో ఒకే గడి పెడితే అది కూడా అబద్ధమే, పైగా యంత్రం ముద్ర వేసిన అబద్ధం.

కొండగాలి · రాత్రి 11:10

రెండు గడులు పెడదాం. దూకితే, దూకకపోతే. డీబగ్ బిల్డ్‌లో ప్రతి ఆప్‌కోడ్‌కి ముందూ వెనకా స్టాక్ లోతు కొలిచి, పట్టికలో అంకెతో కలవకపోతే అసర్ట్ పేల్చండి. టెస్టులు నడిచినప్పుడల్లా డాక్స్‌కి కూడా పరీక్ష జరిగినట్టే.

బీచ్‌రోడ్డు_బైట్ · రాత్రి 11:12

ఇది బాగుంది.

సీతమ్మధార_స్టాక్ · రాత్రి 11:20

రిలీజ్ వారంలోనా బాగుండేది? ఇప్పటికే డాక్స్ బిల్డ్ చేసే స్ఫింక్స్‌కి పెద్ద డబ్ల్యూ ఫ్లాగు పెట్టి హెచ్చరికలన్నీ తప్పులు చేశారు. చెత్త సేకరణ (వాడని మెమరీని వెనక్కి తీసుకునే) కోడులో ఒక లైను సరిచేసిన పీఆర్ కూడా, ఎవరో బయటి సైటు పడిపోయిందని లింక్‌చెక్‌లో ఎర్రబడింది.

కొండగాలి · రాత్రి 11:37

లింక్‌చెక్ పీఆర్ మీద నడపకూడదని మొదటి రోజు నుంచి మొత్తుకుంటున్నాను. వారానికోసారి విడిగా నడిపి, ఫలితం ఒక ఇష్యూలో పడెయ్యాలి. డబ్ల్యూ ఫ్లాగు మాత్రం ఉండాల్సిందే, 8.1 కంటే పాత స్ఫింక్స్ అయితే పక్కన కీప్-గోయింగ్ పెడితే తప్పులన్నీ ఒకేసారి కనిపిస్తాయి, ఒక్కోటి సరిచేసి పదిసార్లు బిల్డ్ చెయ్యక్కర్లేదు. ఉదాహరణల్లో లిటరల్‌ఇంక్లూడ్‌కి (కోడు ఫైల్లోంచి ముక్క తెచ్చి డాక్స్‌లో పెట్టే ఆదేశం) లైను నంబర్లు ఇవ్వడం కూడా మానెయ్యాలి. పైన ఎవరో ఒక ఇంక్లూడ్ చేర్చగానే 40 నుంచి 58 లైన్లు అన్నది కిందికి జారి, డాక్స్‌లో ఒక ఫంక్షన్ తోక, ఇంకో ఫంక్షన్ తల కనిపిస్తాయి. బిల్డ్ మాత్రం పచ్చగానే ఉంటుంది. కోడులో గుర్తు కామెంట్లు పెట్టి స్టార్ట్-ఆఫ్టర్, ఎండ్-బిఫోర్ వాడితే, గుర్తు పోయిన రోజే బిల్డ్ అరుస్తుంది.

ఈ మార్పులన్నీ ఒక పీఆర్‌గా మూడు వారాలుగా ఉన్నాయి. ఒక్కరూ తెరిచి చూళ్ళేదు. డీకోడ్ లూపు పీఆర్ మాత్రం వచ్చిన రాత్రే మెర్జ్ అయిపోయింది. డాక్స్ చూసేవాళ్ళం గుమాస్తాలమా అండీ?

సీతమ్మధార_స్టాక్ · రాత్రి 11:41

ఎవరూ గుమాస్తా అనలేదు. లూపు ఆగితే వీఎం ఆగుతుంది, డాక్స్ ఆగితే ఏదీ ఆగదు. అది నిజం, కోపం తెచ్చుకుంటే మారదు.

గాజువాక_రిజిస్టర్ · రాత్రి 11:43

ఇదిగో, అసలు మాట ఇప్పుడొచ్చింది.

ఎంవీపీ_పార్సర్ · రాత్రి 11:44

ఏటండీ ఇది, జంప్ గురించి అడిగితే ఎక్కడికో పోయారు

వేదిక నిర్వాహకులు · రాత్రి 11:52

మనుషుల మీదికి పోకండి. రెండు వ్యాఖ్యలు తొలగించాం.

గాజువాక_రిజిస్టర్ · అర్ధరాత్రి 12:09

స్టాక్ గారూ, సూటిగా అడుగుతాను. డాక్స్ ఒకటి చెప్పి, వీఎం ఇంకోటి చేస్తే బగ్ ఎవరిది? ఆ లూపు పీఆర్‌ని వెనక్కి తిప్పాలా, వాక్యాన్ని దిద్దాలా?

మన విశాఖ అవుటర్ హార్బర్ తీసుకోండి. ఛానల్లో ఇంత లోతు ఉందని పోర్టు ప్రకటిస్తుంది. ఇసక మేట వేస్తే చార్టులో అంకె కొట్టేసి ఊరుకోదు, డ్రెడ్జర్ దింపి లోతుని అంకె దగ్గరికి తెస్తుంది. ఆ అంకెని నమ్మి ఓడ బయలుదేరి ఉంటుంది కదా.

సీతమ్మధార_స్టాక్ · అర్ధరాత్రి 12:26

వాక్యాన్నే దిద్దాలి. డ్రెడ్జర్ దింపాక కూడా సర్వే చేసి, కొలిచిన లోతే చార్టులో వేస్తారు. కొలవని అంకెని ఎవరూ అచ్చెయ్యరు. నాకు డాక్స్ అంటే సర్వే. ఉన్నది రాయడం.

బైట్‌కోడ్ లోపలి సంగతి, ఎవరికీ మాట ఇవ్వలేదు. సీపైథాన్ వాళ్ళు బైట్‌కోడ్‌ని విడదీసి చూపే డిస్ మాడ్యూల్ పేజీలోనే రాశారు, బైట్‌కోడ్ అమలు వివరం మాత్రమే, వెర్షన్ మారితే మారొచ్చని. 3.6 లో ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌ని 2 బైట్లు చేశారు. 3.11 లో కాల్_ఫంక్షన్ తీసేసి ప్రీకాల్, కాల్ తెచ్చారు, 3.12 లో ప్రీకాల్‌ని కూడా పీకేశారు. లువా మాన్యువల్లో ఆప్‌కోడ్‌ల జాబితానే లేదు, కావాలంటే హెడర్ ఫైల్లో కామెంట్లు చదువుకోవాలి. ఆ స్వేచ్ఛ ఉండబట్టే వాళ్ళు ఇంటర్‌ప్రిటర్‌ని తిరగరాయగలిగారు. మీరు పట్టికని ఒప్పందం చేస్తే నా చేతులు కట్టేసినట్టే. నేను వద్దంటున్నది డాక్స్‌ని కాదు, దీన్ని.

గాజువాక_రిజిస్టర్ · అర్ధరాత్రి 12:48

మరి ఆ ముక్క మొదటి పోస్టులోనే రాయాల్సింది. ఖాళీ లైను, రిలీజ్ వారం అంటూ మూడు గంటలు తిప్పారు.

జేవీఎం దారి వేరు. స్పెసిఫికేషన్ ముందు, దాన్ని అమలు చేసే హాట్‌స్పాట్ తర్వాత. జావా 8 క్లాస్ ఫైలు, మేజర్ వెర్షన్ 52, ఇవాళ్టి జేవీఎం కూడా తీసుకుంటుంది. క్లాంగ్ లాంటి కంపైలర్లకి పునాది అయిన ఎల్‌ఎల్‌వీఎం అయితే రెండు దారులూ ఒకేచోట నడుస్తుంది: చదవగలిగే ఐఆర్ (కంపైలర్ లోపలి మధ్య రూపం) టెక్స్ట్‌కి పాత వెర్షన్ల హామీ లేదు, దాని బైనరీ రూపమైన బిట్‌కోడ్‌కి మాత్రం 3.0 నుంచి ఉంది. 17లో రకం ఉన్న పాయింటర్లు పూర్తిగా పోయినా పాత బిట్‌కోడ్‌ని లోడర్ పైకి మార్చి చదువుతుంది. దేనికి మాట ఇచ్చారో, దేనికి ఇవ్వలేదో వాళ్ళ డెవలపర్ పాలసీలో రాసి ఉంది. మన దగ్గర లేనిది ఆ ఒక్క పేరానే. ఏ దారి అన్నది తర్వాత కొట్టుకుందాం.

కొండగాలి · అర్ధరాత్రి 1:03

మాట ఇవ్వకపోతే ఇవ్వలేదని పేజీ నెత్తిన రాయండి. దాంతోపాటు బైట్‌కోడ్ ఫైలు హెడర్లో వెర్షన్ అంకె ప్రతి మార్పుకీ పెంచండి, కలవకపోతే లోడర్ ఫైలుని తిప్పికొట్టాలి. పైథాన్ పీవైసీలో (కంపైల్ అయిన బైట్‌కోడ్ ఫైలు) మ్యాజిక్ అంకె ఉన్నది అందుకే. డీకోడ్ లూపు పీఆర్‌లో అంకె పెరగలేదు, అందుకే పాత ఫైళ్ళు నోరెత్తకుండా కొత్త వీఎంలోకి ఎక్కి తప్పు చోటికి దూకాయి. స్వేచ్ఛ కావాలంటే దాని ఖర్చు ఇది.

సీతమ్మధార_స్టాక్ · అర్ధరాత్రి 1:11

వెర్షన్ అంకె పెంచాల్సింది, అది నా పొరపాటే. "ఈ పట్టిక ఈ విడుదలకి మాత్రమే" అని రాస్తే పట్టిక తనిఖీకి ఒప్పుకుంటా. "విడుదల" అన్నదే రాయండి, "సిరీస్" అని, అంటే ఒక వరుసలోని విడుదలలన్నిటికీ అని, రాస్తే మళ్ళీ మొదటికొస్తాం.

గాజువాక_రిజిస్టర్ · అర్ధరాత్రి 1:14

సిరీస్ అనే రాయాలి.

ఎంవీపీ_పార్సర్ · అర్ధరాత్రి 1:20

మీరు తేల్చుకునేలోపు జంప్ వాక్యం ఒక్కటీ దిద్ది పీఆర్ పెట్టానండీ. వైడ్‌కి కూడా "తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైటు నుంచి" అనే రాశా, అలా అయితే ప్రిఫిక్స్ గొడవే ఉండదు. బిల్డ్ ఎర్రగా ఉంది. లింక్‌చెక్ అట.