శివారు కుళాయి నీళ్ళు: సాఫ్ట్‌నర్ పెట్టించాలా, సర్దుకుపోవాలా?

మూడో అంతస్తు: శివారుకి ఇల్లు మారి 8 నెలలైంది. కుళాయిలో అంతా హార్డ్ వాటరే. సబ్బు నురగ రాదు, స్నానం చేసినా ఒళ్ళు జిగురుగానే ఉంటుంది. షవర్‌లో సగం చిల్లులు గార కట్టి మూసుకుపోయాయి, మిగతా సగం గోడని తడుపుతున్నాయి. నిన్న గీజర్ విప్పిస్తే కాయిల్ చుట్టూ చిటికెనవేలు మందాన తెల్ల పెంకు! టెస్ట్ చేయిస్తే హార్డ్‌నెస్ లీటరుకు 420 మిల్లీగ్రాములు వచ్చింది. ఈ హార్డ్‌నెస్ తగ్గించే మెషిన్, సాఫ్ట్‌నర్, పెట్టిద్దామని మా ఆవిడ, దండగని నేను. మీరేమంటారు?

నీలికుండ: పెట్టించెయ్యండి. జుట్టన్నా మిగులుతుంది.

పాతకాపు: శుద్ధ దండగ. మా పక్కింటివాళ్ళు పెట్టించారు. నేనే టీడీఎస్ మీటర్ పట్టుకెళ్ళి చూశాను. మెషిన్‌కి ముందు 780, తర్వాత 790. తగ్గకపోగా పెరిగింది. ఇంతకన్నా రుజువేం కావాలి?

లిట్మస్: పాతకాపు గారూ, ఆ మీటర్ హార్డ్‌నెస్‌ని కొలవదండీ. నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతోందో చూసి, కరిగిన లవణాలు మొత్తం ఎన్నో అంచనా కడుతుంది. హార్డ్‌నెస్ అంటే ప్రధానంగా కాల్షియం, మెగ్నీషియం. సాఫ్ట్‌నర్‌లో రెజిన్ గుళికలు ఆ రెండిటినీ పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. బస్సులో కొందరు దిగారు, కొందరు ఎక్కారు. తల లెక్క పెడితే ఏం తేడా తెలుస్తుంది? సీసాలో సగం నీళ్ళు పోసి, కాస్త మామూలు సబ్బు గీరి వేసి ఊపండి. డిటర్జెంట్ వద్దు. హార్డ్ వాటరైతే నురగ నిలవదు, విరిగిన పాలలా తెట్టు తేలుతుంది. మనం వీటిని ఉప్పునీళ్ళు అనేస్తాం గానీ రుచికి ఉప్పగా ఉండాలనేం లేదు.

పాతకాపు: అంటే మామూలు నీళ్ళని డబ్బిచ్చి నిజం ఉప్పునీళ్ళు చేసుకోవడమన్నమాట. నాకు బీపీ ఉంది.

లిట్మస్: 100 మిల్లీగ్రాముల హార్డ్‌నెస్ తీస్తే దాదాపు 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. 420 మొత్తం తీస్తే లీటరుకు 190 పైన. అందుకే తాగే కుళాయిని దానికి కలపకుండా వదిలేస్తారు. నేను చెప్పేది గీజర్, వాషింగ్ మెషిన్, స్నానాల సంగతి.

నీలికుండ: తాగితే కిడ్నీలో రాళ్ళు రావా మరి? మా బావగారికి వచ్చాయి.

లిట్మస్: రాళ్ళలో ఎక్కువగా ఉండేది కాల్షియం ఆక్సలేటే. అలాగని కాల్షియం ఉన్న నీళ్ళు తాగితే రాళ్ళొస్తాయని గట్టిగా తేలలేదు. నీళ్ళు తక్కువ తాగడమే పెద్ద కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆరోగ్యం దృష్ట్యా హార్డ్‌నెస్‌కి పరిమితి పెట్టలేదు.

పాతకాపు: మరిగిస్తే పోయేదానికి మెషిన్ ఎందుకు?

లిట్మస్: బైకార్బనేట్ల వల్ల వచ్చేదే మరిగిస్తే పోతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్లు ఉంటే పోదు. ఆ పోయిందైనా ఎక్కడికి పోతుంది? గీజర్‌లో పెంకుగా కూర్చునేది అదే. ఇంటి నీళ్ళన్నీ మరిగిస్తారా?

పాతకాపు: 780, 790. దానికి జవాబు రాలేదు.

లిట్మస్: వచ్చింది. మీరు చదవలేదు. చేతిలో మీటర్ ఉంటే సరిపోదు, అదేం కొలుస్తుందో తెలియాలి. వాదన కోసం వాదిస్తున్నారు మీరు.

పాతకాపు: వాదన కోసమా? సరే వినండి. ఆ పక్కింటి మెషిన్ గొట్టం మా గోడ పక్కకి పెట్టారు. మూడు రోజులకోసారి రాత్రి 2 గంటలకి గళగళమని ఉప్పునీళ్ళు. వాళ్ళు ఊరెళ్ళిన వారం కూడా ఆగలేదు. 12 ఏళ్ళ నిమ్మచెట్టు నాది. ముందు ఆకుల కొసలు మాడాయి, తర్వాత ఆకులు రాలాయి, ఇప్పుడు కొమ్మలు ఎండుతున్నాయి. దాని చుట్టూ మట్టి అట్టలా బిగుసుకుపోయి నీళ్ళు పోస్తే ఇంకడం లేదు. అడిగితే “మా నీళ్ళు శుద్ధమైనవి అంకుల్” అన్నాడు ఆ కుర్రాడు. అందుకే మీటర్ పట్టుకెళ్ళాను.

నీలికుండ: అయ్యో. ఇది మొదటే చెప్పొచ్చుగా అంకుల్.

లిట్మస్: పాతకాపు గారూ, తప్పు నాది. సాఫ్ట్‌నర్ గురించి ఇంత రాసి, ఆ నీళ్ళు ఎటు పోతాయో రాయలేదు. రెజిన్ నిండిపోతే గాఢమైన ఉప్పు ద్రావణంతో కడగాలి. పట్టుకున్న కాల్షియం, మిగిలిన ఉప్పు అంతా ఆ కడుగు నీళ్ళతో బయటికొస్తుంది. క్లోరైడ్‌కి ఆకుల కొసలు మాడతాయి. సోడియం చేరితే బంకమట్టి రేణువులు విడిపోయి మట్టి సందులు పూడుకుపోతాయి, మీరన్న అట్ట అదే. ఊళ్ళో లేనప్పుడూ వదిలిందంటే అది టైమర్ రకం. వాడిన నీటిని లెక్కగట్టి కడిగే రకమూ ఉంది. అదైతే ఉప్పూ నీళ్ళూ తక్కువ పడతాయి. ఏదైనా సరే, ఆ గొట్టం మట్టిలోకి వదలకూడదు, డ్రైనేజీకి కలపాలి. మీ మట్టికి జిప్సం వేసి, మామూలు నీళ్ళు బాగా పెట్టి సోడియంని కిందికి దింపి చూడండి. జిప్సంలో ఉన్నదీ కాల్షియమే. చెట్టు సంగతి మాత్రం మాటివ్వలేను.

పాతకాపు: గొట్టం తీయించమని ఎవరు చెబుతారు? నేను చెబితే ముసలాడి చాదస్తం.

లిట్మస్: నేను రాసింది చూపించండి.

పాతకాపు: చూస్తాను. సీసాలో సబ్బు వేసి ఊపాను. వాళ్ళ నీళ్ళకి నురగ నిలిచింది, ఒప్పుకుంటున్నాను.

మూడో అంతస్తు: ఇది చదివి, మాకు పెట్టిస్తే కడుగు నీళ్ళు ఎటు పోతాయో చూద్దామని కిందికి దిగాను. మా బాల్కనీ గొట్టం నేరుగా కింద వాటావాళ్ళ పూలకుండీల మీదికే ఉంది. మెషిన్ తెచ్చేవాళ్ళు రేపు ఉదయం వస్తామన్నారు. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.