ఫ్లైఓవర్ పిట్టగోడ ఎవరి కోసం?

గచ్చిబౌలి వాసి: 2019 నవంబరు 23న హైదరాబాద్‌లోని బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీది నుంచి ఒక కారు గోడ దాటి పడటంతో, కింద రోడ్డు పక్కన నిలబడి ఉన్న మహిళ చనిపోయారు. అప్పటికి ఆ వంతెన ప్రారంభమై మూడు వారాలైనా కాలేదు. అక్కడ వేగ పరిమితి నలభై కాగా, కారు వంద దాటిన వేగంతో వచ్చిందని పోలీసులు చెప్పారు. వేగం తప్పే, కాదనను. అయితే గోడ ఇంకా ఎత్తుగా ఉంటే ఆ కారు ఆగేది కాదా?

విశ్రాంత ఇంజనీరు: ఎత్తొక్కటే చూస్తే సరిపోదండీ. వంతెనల మీద పడే భారాల గురించి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన నిబంధనలు, అంటే ఐఆర్‌సీ 6 ప్రకారం, క్రాష్ బ్యారియర్లలో (వాహనాలను ఆపే గోడల్లో) సాధారణ రకమైన పీ-1, ఒకటిన్నర టన్నుల కారు 110 కిలోమీటర్ల వేగంతో 20 డిగ్రీల కోణంలో తగిలినా ఆపాలి. మలుపులో కారు తిన్నగా దూసుకువస్తే ఆ కోణం పెరుగుతుంది. అదే వేగంతో 40 డిగ్రీల కోణంలో తగిలితే గోడకు అడ్డంగా పడే శక్తి సుమారు మూడున్నర రెట్లవుతుంది. పైగా గోడ అడుగున ఉండే ఏటవాలు, చక్రాన్ని కాస్త ఎక్కించి తిరిగి రోడ్డు మీదికి మళ్లించడానికి ఉద్దేశించినది. కోణం ఎక్కువైతే అదే ఏటవాలు మీదుగా కారు పైకి లేస్తుంది.

మియాపూర్ ప్రయాణికుడు: గోడ పెంచితే మలుపులో ముందున్న బండి కనిపించదు.

గచ్చిబౌలి వాసి: కోణం ఎంతైనా, మీటరున్నర గోడను కారు దాటలేదు.

బైకు మీద రోజూ: మా బావ ఒక పాత వాగు వంతెన మీద రెయిలింగు విరిగి బైకుతో సహా కింద పడ్డాడు, ఇప్పటికీ కుంటుతున్నాడు. ఆ స్తంభాల్లో తుప్పు పట్టిన సన్నని ఊచలు తప్ప ఏమీ లేవు. దానికి ఏ లెక్క చెబుతారు?

విశ్రాంత ఇంజనీరు: అది పాదచారుల రెయిలింగు. మీటరుకు సుమారు 150 కిలోల తోపుడుకు తట్టుకుంటే చాలన్నది దాని నిబంధన. వాహనాన్ని ఆపడానికి దాన్ని కట్టరు. అలాంటి వంతెన అంచు మీద బరువైన గోడ ఎక్కిస్తే, దెబ్బ తగిలినప్పుడు గోడ నిలిచి స్లాబు అంచే ఊడిరావచ్చు.

బైకు మీద రోజూ: ఆ నిబంధనను మా ఇంటికొచ్చి మా అక్కకు చదివి వినిపించండి.

విశ్రాంత ఇంజనీరు: మీ బాధ నాకు అర్థమైంది, కానీ కోపంతో డిజైన్ చేయలేము. నలభైకి గీసిన మలుపులో వందకు పైగా వచ్చే ప్రతివాడి కోసం గోడ కట్టమంటే ఏ వంతెనా పూర్తి కాదు.

గచ్చిబౌలి వాసి: వాడి కోసం ఎవరు అడిగారండీ? నేను అడిగేది కింద నిలబడినవారి కోసం. 30 టన్నుల లారీని 60 వేగంలో ఆపగల పీ-3 గోడ, మీటరున్నర పైచిలుకు ఎత్తుది, మీ నిబంధనల్లోనే ఉంది. రద్దీ రైలు మార్గాల మీది వంతెనలకు దాన్ని వాడతారు. కింద రైలు వెళితే ఒక గోడ, మనుషులు నడిస్తే ఇంకో గోడా?

విశ్రాంత ఇంజనీరు: ఈ ప్రశ్న మొదటే అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. పీ-3 ఎక్కడ పెట్టాలనే జాబితాలో జనం గుమిగూడే చోట్లు కూడా ఉండాలని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఇప్పటికే కట్టిన వంతెనల మీద దానికన్నా ముందు చేయవలసింది వేగాన్ని తగ్గించడం, మలుపు కింద ఉన్న బస్టాపులను పక్కకు జరపడం.

గచ్చిబౌలి వాసి: బస్టాపు జరిపితే జనం ఆ దారిన నడవడం మానేస్తారా? అక్కడ తోపుడుబళ్లున్నాయి, ఆటోల అడ్డా ఉంది. మలుపు ఉన్న మేరకైనా గోడ మార్చాలి, ఖర్చెంతైనా సరే.