10 మీటర్ల ఎయిర్ రైఫిల్: మన బ్యారెల్‌కి నప్పే పెల్లెట్ లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) తేల్చుకోవడం ఎలా? (చర్చ)

గచ్చిబౌలి_లేన్
నమస్కారం అందరికీ. పాప రైఫిల్ వాల్తర్ ఎల్‌జీ400. ఇప్పుడు వాడుతున్నది 4.50 హెడ్ (తల వ్యాసం, మి.మీ.లో), 0.53 గ్రాముల మ్యాచ్ పెల్లెట్ (పోటీలకి వాడే సీసపు గుండు). డీలర్ దగ్గర మూడు కంపెనీల డబ్బాలున్నాయి, ఒక్కో కంపెనీలో 4.49, 4.50, 4.51 సైజులు. అంటే తొమ్మిది రకాలు. ఒక్కోదాంతో ఐదు షాట్లు కొట్టి, చిన్న గ్రూపు (రంధ్రాలన్నీ దగ్గరగా పడ్డ గుంపు) వచ్చినది కొనేస్తే సరిపోతుందా? వైస్ (రైఫిల్‌ని కదలకుండా పట్టే బిగింపు) ఎక్కడ బిగించాలి, ఏది కొలవాలి, కాస్త వివరంగా చెప్పండి.

పదో_వలయం
ఐదు షాట్లతో తేల్చకండి సర్. ఒకే డబ్బా, ఒకే బ్యారెల్, ఏదీ కదపకుండా ఐదేసి షాట్ల గ్రూపులు పది తీసి చూడండి. బాగా దూరంగా పడ్డ రెండు రంధ్రాల మధ్య సెంటర్ నుంచి సెంటర్‌కి కొలిస్తే చిన్న గ్రూపుకీ పెద్ద గ్రూపుకీ రెట్టింపు తేడా ఉండటం మామూలే. పెల్లెట్ మారలేదు, తుపాకీ మారలేదు, మారింది అదృష్టం ఒక్కటే. తొమ్మిది రకాలకి ఒక్కో గ్రూపు తీస్తే గెలిచేది మంచి లాట్ కాదు, ఆ పూట కలిసొచ్చిన లాట్.

రెండు దశల్లో చేయండి. మొదటి విడతలో ఒక్కో రకానికి 10 షాట్ల గ్రూపులు రెండు. స్పష్టంగా చెడ్డవి ఇక్కడే బయటపడతాయి, వాటిని పక్కన పెట్టేయండి. మిగిలిన రెండు మూడు రకాలకి 10 షాట్ల గ్రూపులు ఐదేసి. వీటిని వరసగా కాకుండా తిప్పి తిప్పి కొట్టాలి: ఒకసారి అ, ఆ, ఇ అయితే తర్వాత ఇ, ఆ, అ. అప్పుడు సిలిండర్‌లో గాలి తగ్గడం, హాలు వేడెక్కడం లాంటివి ఒక్క లాట్ నెత్తినే పడవు. చివరికి అన్ని గ్రూపుల సగటు చూడండి. అన్నిటికన్నా చిన్న గ్రూపును పట్టించుకోవద్దు.

రకం మారిన ప్రతిసారీ లెక్కలోకి రాని షాట్లు ఓ పది కొట్టాలి. ఒక్కో కంపెనీ పెల్లెట్ మీద పూత ఒక్కోలా ఉంటుంది, బ్యారెల్ లోపల పాత పూత పోయి కొత్తది పట్టేదాకా గ్రూపు నిలవదు.

వైస్_వర్క్‌షాప్
బిగింపు సంగతి నేను చెప్తాను, సగం టెస్టులు పాడయ్యేది ఇక్కడే.

స్టాక్ (భుజానికి ఆనించే దిమ్మ) విప్పేయండి. రిసీవర్ (లోడింగ్, ట్రిగ్గర్ ఉండే మధ్య భాగం) దగ్గర, లేదా బ్యారెల్ రిసీవర్‌లోకి దిగే చోటికి దగ్గరగా పట్టాలి. మజిల్ (బ్యారెల్ ముందు కొస) వైపు పట్టొద్దు. గాలి సిలిండర్ మీద వైస్ ఆనకూడదు, ఆనితే ప్రమాదం కూడా. దవడల మధ్య 3, 4 మిల్లీమీటర్ల తోలు గానీ గట్టి రబ్బరు గానీ పెట్టండి. వైస్ బరువైన బల్లకి బోల్టులతో దిగి ఉండాలి. మజిల్ కొస మీద వేలితో మెల్లగా నొక్కి వదిలితే అది తిరిగి అదే చోటికి రావాలి. రాలేదంటే ఎక్కడో వదులుంది.

బిగించాక మొదటి పది షాట్లు పారేయండి, తోలు సర్దుకోవాలి. ట్రిగ్గర్ వేలితో పక్కకి లాగకుండా నిటారుగా వెనక్కే నొక్కాలి. లోడ్ చేసేటప్పుడు బోల్ట్ (పెల్లెట్ పెట్టాక మూసే భాగం) ప్రతిసారీ ఒకే బలంతో మూయండి. పెల్లెట్ ఏటవాలుగా దిగితే స్కర్ట్ (పెల్లెట్ వెనక బోలు భాగం) అంచు ఒకవైపు గీసుకుపోతుంది, ఆ షాట్ గ్రూపు బయటికి పోతుంది. అది లాట్ తప్పు కాదు. వెనక పెల్లెట్ ట్రాప్ (పెల్లెట్లని ఆపే పెట్టె) సరిగా ఉందా, పక్క లేన్‌లో ఎవరైనా ఉన్నారా చూసుకునే మొదలుపెట్టండి. వైస్‌లో ఉన్నా అది తుపాకీయే.

కాగితం మీద పడిన గుర్తుల్ని ఇలా చదవండి. నిలువుగా సాగితే వేగం నిలకడగా లేదు: రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కీ గాలి ఒత్తిడి ఒకేలా ఉంచే భాగం) తేడా, లేదంటే గాలి అయిపోవస్తోంది. అడ్డంగా సాగితే వైస్ దగ్గర కదలిక. రెండు గుంపులుగా చీలితే ముందు స్క్రూలు, మజిల్ ట్యూబు, దాని మీది బరువులు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. ఇవేవీ కాకుండా పదింట్లో ఒకటి మాత్రం దూరంగా పోతే ఆ రంధ్రం పక్కన పెన్సిల్‌తో షాట్ నంబరు రాసుకోండి. వేరే లాట్‌తోనూ అలాగే అయితే మజిల్ క్రౌన్ (బ్యారెల్ కొస అంచు) మీద సీసం పేరుకుందేమో టార్చి వేసి చూడాలి.

గచ్చిబౌలి_లేన్
చాలా థాంక్స్ అండీ. కొలత ఎలా? మా రేంజ్‌లో ఎలక్ట్రానిక్ టార్గెట్లే ఉన్నాయి.

లెక్కల_మాస్టారు
లాట్ తేల్చడానికి కాగితమే వాడండి. మీరు వెతుకుతున్న తేడా మిల్లీమీటర్‌లో కొన్ని పదో వంతులు. టార్గెట్ యంత్రం చేసే చిన్న పొరపాటు కూడా అందులో కలిసిపోతుంది. మంచి టార్గెట్ కార్డు మీద చదును తల పెల్లెట్ అంచు తెగిన గుండ్రటి రంధ్రం చేస్తుంది. వెర్నియర్ కాలిపర్‌తో గ్రూపు బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి 4.5 తీసేస్తే సెంటర్ నుంచి సెంటర్ దూరం. బయటి కొలత 5.5 వస్తే అసలు గ్రూపు 1.0 మి.మీ., 6.3 వస్తే 1.8.

ఆ తేడా స్కోరులో ఎంతో చూద్దాం. పది వలయం చుక్క వ్యాసం 0.5 మి.మీ., దశాంశ స్కోరులో (షాట్‌కి 10.9 దాకా ఇచ్చేది) ప్రతి 0.1కీ 0.25 మి.మీ. పది షాట్ల గ్రూపు 1.0 అయితే ఒక్కో షాట్ మధ్య నుంచి సగటున 0.33 మి.మీ. పక్కకి పోతుంది, 1.8 అయితే సుమారు 0.6. దీన్ని షూటర్ చేతి తేడాకి నేరుగా కూడకూడదు, వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. షూటర్ తేడా సగటున 1.5 మి.మీ. అనుకోండి, అంటే షాట్‌కి 10.3 స్థాయి. మంచి లాట్‌తో మొత్తం 1.54, చెడ్డ లాట్‌తో 1.62. తేడా 0.08 మి.మీ., అంటే షాట్‌కి 0.03, 60 షాట్లకి దాదాపు 2 పాయింట్లు. అదే 9.8 స్థాయి షూటర్‌కి ఒక పాయింటే.

ఫైనల్ కటాఫ్ దగ్గర 2 పాయింట్లు చాలా పెద్ద మాట. కానీ పాప ఇంకా 9.8 దగ్గరే ఉంటే ఒక రోజు టెస్ట్ చాలు, మిగతా సమయం, డబ్బు ప్రాక్టీస్‌కి పెట్టండి.

రెగ్యులేటర్
మాస్టారి లెక్కకి ఒకటి జోడిస్తాను. లాట్ టెస్ట్‌కి ముందు క్రోనో (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టి వేగం చూడండి, లేకపోతే తుపాకీ జబ్బుని పెల్లెట్‌కి అంటగడతాం.

170 మీ/సె వేగంతో పోయే పెల్లెట్ 10 మీటర్లలో దాదాపు 17 మి.మీ. కిందికి దిగుతుంది. వేగం 1 శాతం, అంటే 1.7 మీ/సె తగ్గితే ఇంకో 0.34 మి.మీ. కిందికి. అది 0.1 కన్నా ఎక్కువే పోయినట్టు. పది షాట్లలో గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య 2 మీ/సె లోపు ఉంటే టెస్ట్ మొదలుపెట్టండి. 4, 5 వస్తుంటే ముందు రెగ్యులేటర్, లోడింగ్ దగ్గరి ఓ-రింగ్ (గాలి లీకవకుండా ఆపే రబ్బరు రింగు) చూపించండి. తుపాకీ చాలాసేపు ఊరికే ఉన్నాక మొదటి మూడు నాలుగు షాట్ల వేగం తేడాగా ఉండొచ్చు, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

సిలిండర్ నిండుగా ఉండగా మొదలుపెట్టి, గేజ్ ఎర్ర భాగానికి బాగా ముందే నింపుకోండి. సిలిండర్ మీద రాసిన ఒత్తిడినీ గడువు తేదీనీ ఎప్పుడూ దాటొద్దు. ఎండలో కార్లో ఉన్న రైఫిల్‌ని ఏసీ హాల్లోకి తెచ్చి వెంటనే టెస్ట్ చేయకండి, అరగంట ఆగండి.

పదో_వలయం
డబ్బా మీది 4.50 అన్నది ఆ కంపెనీ పేరు పెట్టుకున్న సైజు. ఒక కంపెనీ 4.50 ఇంకో కంపెనీ 4.49లా ప్రవర్తించవచ్చు. అందుకే సైజు మాత్రం రాసుకుంటే చాలదు, లేబుల్ మీది లాట్ నంబరు, డై (పెల్లెట్ చేసే అచ్చు) నంబరు ఉంటే అదీ రాసుకోండి. డై అరుగుతుంది, మారుస్తారు, తర్వాత వచ్చిన డబ్బా వేరే పెల్లెట్ అనే అనుకోవాలి. ఇంకో ఎల్‌జీ400కి నప్పిన లాట్ మీ ఎల్‌జీ400కి నప్పాలని కూడా లేదు.

గచ్చిబౌలి_లేన్
పెల్లెట్లు తూచి వేరు చేయాలంటారా? ఇంట్లో నగలు తూచే చిన్న కాటా ఉంది. బ్యారెల్ క్లీన్ చేశాక టెస్ట్ చేయాలా, చేయకముందా?

లెక్కల_మాస్టారు
ఆ కాటా 0.01 గ్రాము చూపిస్తుంది. 0.53లో అది దాదాపు 2 శాతం, ఎందుకూ పనికిరాదు. 0.001 చూపించేది కావాలి. అప్పుడు కూడా 0.005 గ్రాము తేడాకి పడే చోటు 0.17 మి.మీ. మారుతుంది, అంతే. మంచి మ్యాచ్ లాట్‌లో తూకం కన్నా కంటితో ఏరడమే లాభం. కింద తెల్ల కాగితం పరిచి ఒక్కో పెల్లెట్‌నీ దీపం కింద తిప్పండి. స్కర్ట్ అంచు కోడిగుడ్డు ఆకారంలోకి వంగినా, నొక్కు ఉన్నా, లోపల సీసం పోగు వేలాడుతున్నా ప్రాక్టీస్ డబ్బాలోకి. డబ్బా అరచేతిలో గుమ్మరించకండి, అలా పోసేటప్పుడే అంచులు దెబ్బతింటాయి.

వైస్_వర్క్‌షాప్
క్లీన్ చేశాక అయితే 20 షాట్లన్నా కొట్టి మొదలుపెట్టండి. ఫెల్ట్ (తుడిచే ఉన్ని ముక్క) బ్రీచ్ (లోడ్ చేసే కొస) వైపు నుంచే తోయాలి, క్రౌన్‌కి ఏదీ తగలకూడదు. క్లీనింగ్ ముందే టెస్ట్ చేయమనే వాళ్లూ ఉన్నారు, పాప మ్యాచ్‌లో కొట్టేది ఆ స్థితిలోని బ్యారెల్‌తోనే కదా అని. నా ఓటు క్లీన్ చేసి, 20 షాట్ల తర్వాత. ప్రతి లాట్ ఒకే చోట మొదలవుతుంది.

ఫ్రిస్కో_బెంచ్
ఇక్కడ టెక్సస్‌లో బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ని బల్ల మీద ఆనించి) కొట్టే సెంటర్‌ఫైర్ (మళ్లీ నింపుకోగల మందు తూటా) వాళ్లు తూటా సొంతంగా లోడ్ చేసుకుని బ్యారెల్‌కి తగ్గట్టు దిద్దుకుంటారు. పెల్లెట్‌కీ .22 రిమ్‌ఫైర్‌కీ (మళ్లీ నింపలేని చిన్న తూటా) ఆ అవకాశం లేదు, లాట్ ఎంచుకోవడమే మన చేతిలో ఉన్నది. అందుకే తేలిన లాట్ ఒకేసారి కొనాలి. రేపు చూద్దాం అంటే డీలర్ దగ్గర ఆ లాట్ ఉండదు.

గచ్చిబౌలి_లేన్
ఎన్ని డబ్బాలు కొనమంటారు?

పదో_వలయం
మ్యాచ్‌కి వేరు, ప్రాక్టీస్‌కి వేరు లెక్క వేయండి. రోజుకి 100 షాట్లు, వారానికి ఐదు రోజులు అంటే ఏడాదికి దాదాపు 25,000, అంటే 500 పెల్లెట్లుండే డబ్బాలు 50 దాకా. అన్నీ టెస్ట్ లాట్‌వే కావాలంటే ఖర్చు మోయలేం. మ్యాచ్ రోజు సైటర్లు (లెక్కలోకి రాని మొదటి షాట్లు), 60 షాట్లు, ఫైనల్ కలిపి 120 అనుకుంటే 20 మ్యాచ్‌లకి 2,400. మ్యాచ్ ముందు వారం ప్రాక్టీస్ కూడా అదే లాట్‌తో చేయాలి కాబట్టి దాదాపు 25 డబ్బాలు తీసుకోండి. ప్రాక్టీస్‌కి అదే కంపెనీ, అదే బరువులో చౌక రకం చాలు.

సీలు తీయకుండా సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని పెట్టెలో పెట్టండి. విశాఖ, నెల్లూరు లాంటి తేమ ఊళ్లలో తెరిచిన డబ్బాలో సీసం మీద తెల్లటి పొడి పడుతుంది. అలాంటివి మ్యాచ్‌కి వద్దు. పెల్లెట్ నోట్లో పెట్టుకునే అలవాటు పాపకి ఉంటే ఇవాళే మాన్పించండి, సెషన్ అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తిండి.