రాత్రి 2-35 ఏ రోజు కిందికి వస్తుంది? టైము రాసే అలవాట్లపై చర్చ

డీటీపీ_తెనాలి
పెళ్ళి కార్డులు, కరపత్రాలు కంపోజ్ చేసేవాళ్ళ కోసం, వాటిని రాసిచ్చేవాళ్ళ కోసం కూడా ఈ చర్చ మొదలుపెడుతున్నా. ఒకరు 6-30 గం॥లకు అని రాసిస్తారు, ఒకరు 6.30 అని, ఇంకొకరు 6:30 అని. ఒకే కార్డులో ముహూర్తం ఒక తీరున, విందు ఇంకో తీరున ఉంటాయి. తెలుగు కార్డుల్లో అడ్డగీతే పాత ఆచారం, చూడ్డానికీ బాగుంటుంది. కానీ దానితో ఒక చిక్కుంది. "విందు: రాత్రి 7-10 గం॥లకు" అని వేస్తే అది ఏడూ పది నిమిషాలా, లేక ఏడు నుంచి పది దాకానా? కాబట్టి అడ్డగీతను నిమిషాలకు వాడితే, వ్యవధికి "నుంచి", "వరకు" అని మాటల్లోనే రాయాలి. రెండు పనులూ ఒకే గీతకి అప్పజెప్పకూడదు.

నిమిషాలు పదిలోపు ఉంటే ముందు సున్నా తప్పనిసరి. 7.5 అని రాసిస్తే ఏడూ అయిదు నిమిషాలో, ఏడున్నరో, ఏడూ యాభైలో సున్నా ఎగిరిపోయిందో తేలదు. 7.05 అని ఉంటే గొడవే లేదు.

మీ మీ పనుల్లో ఎలా రాస్తారు, ఎక్కడ తేడా కొడుతుందో చెప్పండి.

గోదారి_పంచాంగం
అసలు చిక్కు చుక్కా గీతా కాదండీ, రోజు ఎక్కడ మారుతుందన్నది. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయం దాకా నడుస్తుంది. గోడ క్యాలెండర్లో రోజు అర్ధరాత్రి 12కి మారిపోతుంది. ఈ రెంటి మధ్య పడే ఆరు గంటల్లోనే గందరగోళమంతా.

పురోహితుడు చీటీ మీద "గురువారం రా. 2-35" అని రాసిస్తే పంచాంగం లెక్కన అది పూర్తిగా సరైనదే. తేదీ వేసేటప్పుడు మాత్రం అది శుక్రవారంలోకి వచ్చేసింది. 2024 ఫిబ్రవరి 15 గురువారం. ఆ రాత్రి 2-35 అంటే గడియారం ప్రకారం 16వ తేదీ. అందుకే కార్డులో "15-2-2024 గురువారం రాత్రి 2-35 ని॥లకు (తెల్లవారితే శుక్రవారం)" అని వేస్తారు. ఆ కుండలీకరణం అలంకారం కాదు, చోటు చాల్లేదని కంపోజర్లు దాన్ని ఎగరగొట్టకూడదు. కల్యాణ మండపం బుకింగ్ కాగితం మీదా, బ్యాండువాళ్ళకిచ్చే చీటీ మీదా ఇంకో ముక్క కలపాలి: "15 రాత్రికి రావాలి, ముహూర్తం 16 తెల్లవారుజామున". ఈ ఒక్క వాక్యంతో సగం ఫోన్లు తగ్గుతాయి.

పత్రికల్లో వచ్చే రోజువారీ పంచాంగం కూడా ఇలాగే చదవాలి. ఉ., మ., సా., రా., తె. అనే పొట్టి అక్షరాలు అంకెకి ముందే వస్తాయి. గురువారం కింద "తె. 4.12 వరకు" అని ఉంటే అది శుక్రవారం తెల్లవారుజాము. గురువారం తెల్లవారుజాము అనుకుంటే పూర్తిగా ఒక రోజు తేడా.

చేతిరాత చీటీల్లో మరొకటి. "ఘ. 12-30" అని కనబడితే గబుక్కున పన్నెండున్నర అని వేయకండి. అది ఘడియలు కావచ్చు. ఘడియ అంటే 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు, రోజుకి 60 ఘడియలు. సూర్యోదయం నుంచి 12 ఘడియల 30 విఘడియలు అంటే సరిగ్గా 5 గంటలు. ఆ రోజు సూర్యోదయం 6.10 అయితే వచ్చేది 11.10. "గం." అని ఉంటేనే గడియారం గంటలు. ఒత్తు అక్షరం ఒక్కటే తేడా, అనుమానం వస్తే పురోహితుణ్ణే అడగాలి.

డీటీపీ_తెనాలి
బాగా చెప్పారు గురువుగారూ. ఆ "తెల్లవారితే" ముక్క పై లైన్లో సగం, కింది లైన్లో సగం పడకుండా చూడాలి. "రాత్రి" ఒక లైను చివర, "2-35" తర్వాతి లైను మొదట పడితే కార్డు చదివేవాడు "మధ్యాహ్నం" అనుకునే ప్రమాదం కూడా ఉంది. పూట, అంకె, "ని॥లకు" ఈ మూడూ విడిపోని ఖాళీతో (నాన్-బ్రేకింగ్ స్పేస్) అతికించాలి.

యూనికోడ్‌కి మారినవాళ్ళకి ఇంకో సంగతి. తెలుగు కీబోర్డులో కోలన్ కొట్టబోయి విసర్గ కొట్టేస్తారు, 6ః30 అవుతుంది. కంటికి దాదాపు ఒకటే, వెతికితే మాత్రం దొరకదు. సున్నా బదులు అనుస్వారం కూడా ఇంతే: 7.3ం. పెద్ద ఫైలు అయితే ప్రెస్సుకి పంపేముందు అంకె పక్కన విసర్గ గానీ అనుస్వారం గానీ ఉన్న చోట్లన్నీ వెతికి మార్చేయడం మేలు.

స్టేషన్_రిటైర్డ్
రైల్వేలో 24 గంటల లెక్క, పూట మాటే ఉండదు. దాంతో మధ్యాహ్నం, రాత్రి గొడవ పోయింది గానీ అర్ధరాత్రి గొడవ పోలేదు. టికెట్ మీద 15వ తేదీ 00:20 అని ఉంటే 14 రాత్రి భోంచేసి స్టేషన్‌కి రావాలి. 15 రాత్రి వచ్చేవాళ్ళకి బండి వెళ్ళి దాదాపు ఒక రోజు అయిపోయి ఉంటుంది. ఇంట్లోవాళ్ళకి చెప్పేటప్పుడు 00:20 అని పంపకండి, "14 మంగళవారం రాత్రి పన్నెండూ ఇరవై, టికెట్ మీద తేదీ 15" అని రాయండి.

మధ్య స్టేషన్లో ఎక్కేవాళ్ళు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. సికింద్రాబాద్‌లో 14 రాత్రి బయల్దేరిన బండి విజయవాడకి 15 తెల్లవారుజామున వస్తుంది. విజయవాడలో ఎక్కేవాడికి ప్రయాణ తేదీ 15. కానీ బండి ఎక్కడుందో చూసుకునే చోట అడిగేది బండి బయల్దేరిన తేదీ, అంటే 14. అక్కడ 15 నొక్కితే మర్నాటి బండి చూపిస్తుంది, "ఇంకా బయల్దేరలేదు" అని వస్తుంది, జనం కంగారు పడతారు.

ఎక్సెల్_పంతులు
హాజరు పట్టీలు, ఓవర్‌టైం లెక్కలు చేసేవాళ్ళకి చుక్క పెద్ద శత్రువు. ఎక్సెల్‌లో 7.30 కొడితే అది టైము కాదు, 7.3 అనే సంఖ్య. కూడితే తప్పు వస్తుంది: 7.30, 7.30 కలిపితే 14.6 చూపిస్తుంది, రావాల్సింది 15 గంటలు. అడ్డగీత ఇంకా ఘోరం. 6-10 కొడితే ఇండియా సెట్టింగులో అక్టోబరు 6 అవుతుంది, అమెరికా సెట్టింగులో జూన్ 10. కోలన్ ఒక్కటే కొట్టాలి. పక్కన ఏఎం, పీఎం పెడితే అంకె తర్వాత ఒక ఖాళీ వదలాలి, లేకపోతే దాన్ని మామూలు అక్షరాలుగా తీసుకుంటుంది.

ఇప్పటికే చుక్కలతో నిండిపోయిన ఫైలు చేతికొస్తే: పూర్ణాంకాన్ని 24తో భాగించండి. చుక్క తర్వాతి భాగాన్ని 100తో గుణించి, దగ్గరి పూర్ణాంకానికి సవరించి, 1440తో భాగించండి. రెండూ కూడి గడికి టైము ఫార్మాట్ ఇవ్వండి. ఆ సవరింపు మానేస్తే కొన్ని చోట్ల దశాంశాల్లో అతి చిన్న తేడా మిగిలిపోవచ్చు. ఈ పని చేసేముందు చుక్క పెట్టినాయన 7.5ని ఏడున్నర అనే అర్థంలో రాశాడా అని కనుక్కోండి. ఒకే పట్టీలో రెండు రకాలూ కలిసుంటే ఏ సూత్రమూ కాపాడదు.

రాత్రి షిఫ్టు 22:00కి ఎక్కి 06:00కి దిగితే, దిగిన దాంట్లోంచి ఎక్కింది తీసేస్తే రుణ సంఖ్య వచ్చి గడి నిండా దడి గుర్తులు (####) పడతాయి. ఫలితానికి 1 కలపాలి, ఆ 1 అంటే ఒక రోజు. నెల మొత్తం 24 గంటలు దాటితే గంటల ఫార్మాట్‌ని చదరపు కుండలీకరణాల్లో పెట్టాలి, [h]:mm అని. లేదంటే 26 గంటలు పనిచేసినవాడికి 2 గంటలే కనిపిస్తుంది, జీతాల రోజు తెలుస్తుంది దాని సంగతి.

వార్డు_సిస్టర్
మా దగ్గర చార్టు అంతా 24 గంటల్లోనే. 20:00 నుంచి 08:00 డ్యూటీలో అర్ధరాత్రి దాటగానే కొత్త తేదీ లైను గీసి ఆ కింద రాయాలి. ఇది మర్చిపోతే 02:00 డోసు ముందు రోజు ఖాతాలో పడుతుంది, పొద్దున్న వచ్చినవాళ్ళు డోసు పడలేదనుకుంటారు.

బయటివాళ్ళకి చెప్పాల్సింది వేరే. మందుల చీటీ మీద 1-0-1 అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. అది టైము కాదు. 6-2-10 అని ఉంటే అది టైము: ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10, అంటే ఎనిమిది గంటలకోసారి. రెంటికీ అడ్డగీతే కాబట్టి ముసలివాళ్ళు తికమకపడతారు. ఇంటికి పంపేటప్పుడు మందు డబ్బా మీదే పూటతో సహా రాసిస్తే సరిపోతుంది.

ఆపరేషన్‌కి ముందు "12 నుంచి ఏమీ తినకూడదు" అని మాత్రమే రాయకండి. ఏ 12? "సోమవారం రాత్రి 12 తర్వాత, మంగళవారం ఆపరేషన్ అయ్యేదాకా" అనాలి. నీళ్ళ సంగతి డాక్టరు వేరుగా చెప్తారు, దాన్ని వేరే లైన్లో రాయాలి.

నల్గొండ_పోరడు
12 పీఎం లొల్లి గురించి ఎవ్వరూ అనలేదేంది? డిజిటల్ గడియారంల 12:00 పీఎం అంటే పగటి పన్నెండు, ఏఎం అంటే అర్ధరాత్రి. సగం మంది ఉల్టా అనుకుంటరు. మధ్యాహ్నం 12, అర్ధరాత్రి 12 అని రాస్తే అయిపాయె. ఆఖరు గడువు పెట్టేటప్పుడైతే 12 ముచ్చటే వద్దు, "15వ తేదీ రాత్రి 11:59 లోపు" అని పెట్టాలె.

డల్లాస్_తెలుగు
ఇండియా వాళ్ళతో కలిసి కార్యక్రమాలు పెట్టేవాళ్ళకి రెండు మాటలు. ఐఎస్‌టీ అని మాత్రమే రాయకండి, ఇజ్రాయెల్, ఐర్లండు టైములకీ అదే పొట్టి పేరు ఉంది. "భారత సమయం" అంటే సరి. అమెరికా సెంట్రల్ టైముకి ఇండియా చలికాలంలో 11.30 గంటలు ముందుంటుంది, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా 10.30 గంటలు. లండన్ వాళ్ళ మార్పు మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం. అందువల్ల మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబరు నవంబరు మధ్య ఒక వారం, ముగ్గురినీ కలిపే మీటింగులు తారుమారవుతాయి. దుబాయ్ ఏడాది పొడుగునా గంటన్నర వెనకే, కువైట్ రెండున్నర గంటలు వెనకే, వాళ్ళతో ఈ బాధ లేదు. పిలుపులో ఊరి పేరు, వారం, తేదీ, టైము ప్రతి ఊరికీ వేరే లైన్లో పెట్టాలి. "అక్కడి టైముకి మీరే మార్చుకోండి" అంటే ఎవరూ మార్చుకోరు.

పంచాంగం గురించి గోదారి గారిని అడగాలి: ఇండియా పంచాంగంలో టైములకి ఆ పదకొండున్నర తీసేస్తే సరిపోతుందా?

గోదారి_పంచాంగం
కొన్నిటికి సరిపోతుంది, కొన్నిటికి కుదరదండీ. తిథి, నక్షత్రం ముగిసేది ఆకాశంలో ఒకే క్షణం, ప్రపంచమంతటికీ అదే. కాబట్టి తేడా తీసేస్తే చాలు. వర్జ్యం నక్షత్రం కొలత మీద వచ్చేది కనుక దానికీ అంతే. రాహుకాలం, యమగండం, దుర్ముహూర్తం మాత్రం మీ ఊరి సూర్యోదయం, సూర్యాస్తమయాల మీద కట్టేవి. ఇండియావి తీసుకెళ్ళి మార్చితే అర్థం లేని అంకెలు వస్తాయి. గురువారం రాహుకాలం 1.30 నుంచి 3.00 అన్నది కూడా 6కి పొద్దు పొడిచి 6కి కుంకే రోజుకి వేసిన లెక్క. మన దగ్గరే శ్రీకాకుళానికీ అనంతపురానికీ సూర్యోదయంలో సుమారు 25 నిమిషాల తేడా ఉంటుంది.

పండగ తేదీ కూడా ఇందువల్లే మారుతుంది. తిథి ఇండియాలో 16 ఉదయం 7.10కి ముగిస్తే చలికాలంలో డల్లాస్‌లో అది 15 సాయంత్రం 7.40. సూర్యోదయానికి ఉన్న తిథిని పట్టుకునే పండగైతే ఇక్కడ 16, మీకు 15. గుడివాళ్ళ నోటీసులో "మన ఊరి పంచాంగం ప్రకారం" అని ఒక ముక్క వేస్తే ఇండియాలోని చుట్టాలతో వాదన తప్పుతుంది.

డీటీపీ_తెనాలి
ఇంకొకటి అడగాలి. ముహూర్తం టైము అక్షరాల్లో కూడా వేయమంటారు కొందరు, "రెండు గంటల ముప్పై అయిదు నిమిషములకు" అని. ఉంచాలా, తీసేయాలా?

గోదారి_పంచాంగం
ఉంచండి. అంకె ఒకటి తప్పు పడితే ప్రూఫులో పట్టించేది అదే. కాకపోతే టైము మారిస్తే రెండు చోట్లా మార్చాలి.

స్టేషన్_రిటైర్డ్
అక్షరాల్లో వేస్తే "రాత్రి" మాట రెండు చోట్లా రాయండి. 14:35ని 2-35గా మార్చుకునే అలవాటున్నవాళ్ళం ఉత్త 2-35 చూసి మధ్యాహ్నం దిగిపోగలం.