మిర్చి తొడిమలు తీసినంక చేతులు మండుతయ్, చూస్తే చల్లగుంటయ్. ఎందుకు?

ప్రశ్న: వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ల తొడిమలు తీసేటోళ్లకు రాత్రిదాకా వేళ్లు మండుతయ్. ముట్టుకుంటే చల్లగనే ఉంటయ్. సన్న దారం తగిలినా తెలుస్తది. నరం ఒక్కటేనాయె, ఇదెట్ల?

జవాబు 1: నరం పైకి ఒకటే అన్నా, లోపలి తీగలు వేరు. దారం తగిలితే చర్మం రవ్వంత వంగుతది. ఆ వంపుకు పీజో2 అనే ప్రోటీన్ ద్వారం తెరుచుకుంటది, కబురు మందమైన తీగల మీద సెకనుకు 35–75 మీటర్ల వేగంతోని పోతది. మంటకు ద్వారం టీఆర్‌పీవీ1. మామూలుగా 43 డిగ్రీల దగ్గర తెరుచుకోవాలె. మిర్చిలోని క్యాప్సైసిన్ అతుక్కుంటే ఆ హద్దు కిందికి జారి, ఒంటి వేడికే తెరుచుకుంటది. మెదడుకు చేరేది 'కాలుతున్నది' అన్న కబురే. ఈ మంట కబురు మోసేవి సన్న తీగలు, వాటిల వేగం సెకనుకు మీటరు అటూఇటూ. ఈ ద్వారాలను కనిపెట్టినందుకే 2021ల జూలియస్, పటపూటియన్ అనే శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది.

జవాబు 2: అందుకే వేన్నీళ్లు పోస్తే మంట ఇంకింత లేస్తది. క్యాప్సైసిన్ నీళ్లల్ల సరిగ్గ కరగదు. ముందు రెండు చెంచాల మంచినూనె గోర్ల సందులదాకా రుద్దాలె, నిమిషం ఆగి గిన్నెల సబ్బు, చల్లనీళ్లతోని జిడ్డంత పోయేదాకా కడగాలె. నూనె రాసి వదిలేస్తే ఘాటు పరుచుకుంటది, చాలామంది తప్పు ఇక్కడే.

ప్రశ్న అడిగినవారు: షుగర్ ఉన్నోళ్లల్ల కొందరికి మంటే తెలుస్తలేదు. మంచిదేనా?

జవాబు 1: కాదు. రోజూ మిర్చి పట్టినా మొద్దుబారుతది గని, షుగర్‌ల సన్న తీగలే దెబ్బతినొచ్చు. 10 గ్రాముల మోనోఫిలమెంట్ పరీక్ష (సన్న నైలాన్ దారం చర్మానికి ఒత్తి చూసేది) మందమైన తీగలనే చూస్తది. డాక్టర్‌ను సూది మొన, వేడి-చల్లదనం పరీక్షలు గూడ అడుగుండ్రి.